క్లాసులో నడిమి పిల్ల జీతంతో లెక్క: ఒక కోనసీమ కుటుంబం కేస్ స్టడీ

ఈ కుటుంబం నా దగ్గరికి 2020 డిసెంబరులో వచ్చింది. కానీ వాళ్ల ఫైలు నా టేబుల్ మీదికి 2014లోనే వచ్చింది. అప్పుడు నేను బ్యాంకులో లోన్ల సీట్లో ఉన్నాను.

ఇరవై రెండేళ్లు బ్యాంకులో చేశాను. అందులో సగానికి పైగా కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ గడిచింది. 2018లో వీఆర్ఎస్ తీసుకున్నాక, అమలాపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని, పిల్లల చదువు ఖర్చు గురించి అడగడానికి వచ్చేవాళ్లతో లెక్క వేయిస్తుంటాను. ఏ కోర్సు మంచిదో నేను చెప్పను. ఆ కోర్సుకు ఎంత పెట్టవచ్చు, ఎంత దాటితే ఇల్లు కూలుతుంది అన్నది మాత్రం కాగితం మీద చూపిస్తాను. "ఈ రోజుల్లో కాలేజీ చదువులు దండగండీ" అనేవాళ్లూ వస్తారు, "పొలం అమ్మయినా చదివిస్తామండీ" అనేవాళ్లూ వస్తారు. ఒక్కోసారి ఆ రెండు మాటలూ ఒకే ఇంట్లోంచి వస్తాయి. ఈ ఇల్లు అలాంటిదే. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు.

కుటుంబం

రాజోలు దాటాక, వశిష్ఠ గట్టుకు దగ్గర్లో ఊరు. తండ్రి మూడెకరాలు మక్తాకు (కౌలుకు) చేసేవారు. 2011 సార్వాకు (ఖరీఫ్‌కు) గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చేను బీడు పెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. ఆ తరవాత మళ్లీ వ్యవసాయం కుదురుకోలేదు. కొబ్బరి దింపులకు, రొయ్యల చెరువుల మీద కాపలాకు వెళ్లేవారు. సొంతానికి ఒక ఇల్లు, ముప్పై సెంట్ల కొబ్బరి తోట. ఇద్దరు పిల్లలు. 2014లో కొడుకు ఇంటర్ అయింది. అదే ఏడు తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్లారు. మా ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు. రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు ఏ వీధిలో అడిగినా గల్ఫ్‌లో ఉన్న తల్లి ఒకరైనా ఉంటారు.

కొడుక్కి మెకానికల్‌లో మేనేజ్‌మెంట్ కోటా సీటు కొన్నారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన దగ్గర ఇంజినీరింగ్ చదవని కుర్రాడు లేడన్నట్టు అయిపోయింది. కానీ అది కన్వీనర్ కోటాకే, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చే సీట్లకే. మేనేజ్‌మెంట్ సీటుకు రూపాయి రాదు. అందుకని లోనుకు వచ్చారు. నాలుగు లక్షల దాకా ఎడ్యుకేషన్ లోనుకు తాకట్టు అడగకూడదు. అడ్మిషన్ లెటరు, ఫీజుల కాగితం, మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ ఫైలు మీద సంతకం నాది. కుర్రాణ్ని నేను అడిగిన మాట ఒక్కటే: "ఇక్కడ సంతకం పెట్టు బాబూ."

అతనికి మెకానికల్ ఇష్టం లేదని ఆరేళ్ల తరవాత తెలిసింది. చిన్నప్పటి నుంచీ చెరువు గట్ల మీద తిరిగినవాడు, బీఎస్సీ ఆక్వాకల్చర్ చేస్తానన్నాడట. మేనమామ, "డిగ్రీ చదివితే ఎవడు పిల్లనిస్తాడ్రా" అన్నాడట. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. 2018లో కోర్సు గడువు అయ్యేసరికి పద్నాలుగు సబ్జెక్టులు మిగిలాయి. పట్టా రాలేదు.

లోను మాత్రం ఆగదు కదా. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు, 12 శాతం వడ్డీ. చదువైన ఏడాది తరవాత కిస్తీ మొదలయ్యేనాటికి వడ్డీయే 1,68,000 చేరి 5,68,000 అయింది. ఏడేళ్ల కిస్తీలంటే నెలకు పది వేలు. కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. 2020లో తల్లి జీతం 110 దినార్లు, అప్పటి మారకంలో 26,000 చిల్లర. అందులో పది వేలు, వదిలేసిన చదువుకు పోతున్నాయి.

నా అనుభవంలో అన్నిటికన్నా ఖరీదైన చదువు మధ్యలో ఆగిన చదువే. ఫీజు పూర్తిగా పడుతుంది, చేతికి కాగితం రాదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా నోటుబుక్కులో మొదటి గీత గీసి, "ఇది మధ్యలో ఆగితే ఏమవుతుంది?" అని రాస్తాను. చాలామంది తండ్రులకు ఆ ప్రశ్న అపశకునంలా ఉంటుంది. అయినా అడుగుతాను. 2014లో అడగలేదు కాబట్టి అడుగుతాను.

కూతురి వంతు

2020లో కరోనాతో ఎంసెట్ సెప్టెంబరుకు పోయింది, కౌన్సెలింగ్ డిసెంబరు దాకా సాగింది. (మరుసటి ఏడు దాని పేరే ఈఏపీసెట్ అయింది.) అమ్మాయికి ఎంపీసీలో మంచి మార్కులు, ర్యాంకు అరవై వేల దరిదాపుల్లో.

ఇంతలో ఏజెంటు వచ్చాడు. రిజల్ట్స్ వచ్చిన పది రోజుల్లో కారేసుకుని ఊళ్లోకి దిగేవాళ్లు మనకు తెలిసినవాళ్లే. హైదరాబాదు పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), ఫీజు ఏటా 2,20,000, హాస్టలు 1,10,000. రంగు రంగుల బ్రోచరు, దాని వెనక పెద్ద జీతాలతో పదిమంది పిల్లల ఫోటోలు. రెండు రోజుల్లో అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందన్నాడు. (సీటు పోదు. అదీ నేను చూసిందే.)

తండ్రి నా వరండాలో కూర్చుని బ్రోచరు మడత విప్పకుండానే చెప్పారు: "ఆయ్, ఒకసారి కాలిందండి. పిల్లకి సంబంధం చూసేద్దామని నా ఉద్దేశం. వాళ్లమ్మేమో తోట అమ్మైనా కట్టమంటందండి."

అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నువ్వేమంటావమ్మా?" అన్నాను. ఆ పిల్ల నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది. "చదవాలనే ఉందండి. కానీ అన్నయ్యలా అయితే అమ్మ ఇంక రాదు కదండి."

ఆ మాట తరవాత ఆ పూట బ్రోచరు ముట్టుకోలేదు.

బస్టాపు దగ్గర మూడు పొద్దులు

కాలేజీ విలువ తెలుసుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా మామూలుది. ఫ్లెక్సీ మీద ఉన్న పిల్లను వదిలేసి, ఆ క్లాసులో నడిమి పిల్ల ఎక్కడుందో కనుక్కోవాలి. అరవై మందిలో ముప్పయ్యో పిల్ల. ఆమెకు ఉద్యోగం వచ్చిందా, వస్తే చేతికెంత? మన పిల్ల తెలివైనదే అయినా, లెక్క మాత్రం నడిమి పిల్ల జీతంతోనే వేయాలి. మొదటి వరసలోకి వెళ్తే అది లాభం. నడిమిలో ఆగినా ఇల్లు నిలబడాలి.

ఇది ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. కాలేజీ ఆఫీసులో అడిగితే మళ్లీ ఫ్లెక్సీయే చూపిస్తారు. నాలుగో సంవత్సరం పిల్లల్ని అడగాలి. అమ్మాయికి కన్వీనర్ కోటాలో వచ్చేలా ఉన్న సీటు నది అవతల, పశ్చిమ గోదావరి వైపు ఒక కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). ఆ కాలేజీ బస్సు దిండి మీదుగా చించినాడ వంతెన దాటి వెళ్తుంది. ఆ డిసెంబరులో ఫైనలియర్ వాళ్లకు క్లాసులు మొదలయ్యాయి. తండ్రీ నేనూ మూడు రోజులు పొద్దున్నే బస్సు ఆగే చోట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మాస్కులు కట్టుకున్న పిల్లలు, మంచు, కాలవ మీంచి చలిగాలి. మొదటి రోజు తండ్రి నోరు విప్పలేదు. రెండో రోజు ఆయనే ముందుకెళ్లి ఒక కుర్రాణ్ని అడిగారు: "బాబూ, మీ క్లాసులో ఎంతమందికి తప్పినయ్యి?"

అసలు ప్రశ్న అదే. ఉద్యోగం మాట తరవాత.

ఐదుగురు చెప్పినవి కలిపి చూస్తే, సెక్షన్‌లో సుమారు అరవై మంది. ఇరవై మందికి దాకా బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయి.  ఆఫర్ వచ్చినవాళ్లకు చేతికొచ్చేది 18,000 నుంచి 22,000. ఒక అమ్మాయి, "ల్యాబుల్లో సగం పరికరాలు పనిచేయవండి, మేం యూట్యూబ్ చూసి నేర్చుకున్నాం" అని నిజాయితీగా చెప్పింది. ఆ మాటా నోటుబుక్కులోకి ఎక్కింది.

హైదరాబాదు యూనివర్సిటీకి మనుషుల్ని వెతకడానికి ఇంకో వారం పట్టింది. మలికిపురం వైపు నుంచి అక్కడ చదివినవాళ్లు ముగ్గురు దొరికారు. బ్రోచర్లో జీతాలు అబద్ధం కాదు, నిజంగానే కొందరికి వచ్చాయి. నడిమి పిల్లకు చేతికి 25,000.

లెక్క

యూనివర్సిటీ సీటుకు ఏటా 3,30,000, నాలుగేళ్లకు 13,20,000. కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు అప్పటి విద్యా దీవెన కింద ప్రభుత్వం కట్టేది. మన చేతి నుంచి పడేది: బస్సు ఏటా 24,000, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, రికార్డులు ఏటా 15,000, ల్యాప్‌టాప్ 45,000, చివర్లో కోచింగుకు 30,000. మొత్తం 2,31,000. వసతి దీవెన కింద ఏటా 20,000 పథకంలో ఉండేది గానీ, చేతికొచ్చేదాకా లెక్కలో వేసుకోవద్దని చెప్పాను.

రెండు సీట్ల మధ్య తేడా దాదాపు పదకొండు లక్షలు. నడిమి పిల్లల జీతాల మధ్య తేడా నెలకు 5,000. ఆ 5,000తో పదకొండు లక్షలు తిరిగి రావాలంటే 220 నెలలు, అంటే వడ్డీ వేయకుండానే పద్దెనిమిదేళ్లు దాటుతుంది. జీతాలు పెరుగుతాయి కదా అని అడగొచ్చు, పెరుగుతాయి. కానీ కిస్తీ మొదటి నెల నుంచే అడుగుతుంది.

కిస్తీ ఎంతో కూడా వేశాను. 13,20,000 లోనుగా తీసుకుంటే, ఏడున్నర లక్షలు దాటింది కాబట్టి తోట తాకట్టు పెట్టాలి. 10.5 శాతం వడ్డీతో, ఐదేళ్ల తరవాత అది పద్దెనిమిది లక్షలు దాటుతుంది. పదిహేనేళ్ల కిస్తీలకు నెలకు 19,950. ఆ అంకె కింద రెండు గీతలు గీసి తండ్రికి చూపించాను. పాతిక వేల జీతంలో ఇరవై వేలు కిస్తీకి పోతే, హైదరాబాదులో ఆ పిల్ల అయిదు వేలతో బతకాలి.

ఇక సంబంధం చూసేద్దామన్న మాట. దానికీ లెక్క వేశాను, ఎందుకంటే "చదువు దండగ" అన్న మాటకు ఎవరూ లెక్క అడగరు. ఇంటర్ పాసైన అమ్మాయికి ఇక్కడ దొరికే పని బట్టల షోరూము. నెలకు 8,000 అనుకుందాం. నాలుగేళ్లు కాలేజీకి వెళ్తే ఆ జీతం, అంటే 3,84,000, పోయినట్టే. దాన్ని కూడా ఖర్చులో కలిపితే ఈసీఈ సీటు అసలు ధర 6,15,000. నడిమి పిల్ల జీతం 20,000. తేడా నెలకు 12,000. యాభై ఒక్క నెలల్లో, నాలుగేళ్లు దాటిన కాసేపటికి, ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అందుకే కాలేజీ దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఈ ధరకు, చివరిదాకా చదివే పిల్లకు, అది ఇప్పటికీ గిట్టుబాటే. ముప్పై సెంట్ల తోట ధరకు గిట్టదు.

ఇమో కాల్

నిర్ణయం తల్లిది కూడా కాబట్టి, ఇమో యాప్‌లో కాల్ పెట్టించాను. ఇక్కడ సాయంత్రం నాలుగున్నర, అక్కడ రెండు. ఆ ఇంటి పిల్లలు నిద్రపోయే వేళ. ఆవిడ వంటగదిలో నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడారు.

"అన్నయ్యగారూ, పిల్లోడికి తక్కువ సీటు కొన్నాం కాబట్టే అలా అయిందేమోనండి. పాపకి మంచిది కొందామండి. నేనింకో ఐదేళ్లు ఉంటాను."

ఈ మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. ఒక సీటు దెబ్బకొడితే, తరవాతి సీటుకు ఇంకా ఎక్కువ పెట్టాలనిపిస్తుంది. కొడుకు విషయంలో తప్పు ధరలో లేదు. ఇష్టం లేని కోర్సులో వేశాం, తప్పుతున్నాడని తెలిసినా రెండో ఏడు ఆపి అడగలేదు. అదే చెప్పాను. ఆ ఫైలు మీద సంతకం నాదేనని కూడా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "మీరు పెట్టకపోతే ఇంకొకరు పెట్టేవారండి" అన్నారు. ఆవిడ నన్ను ఊరడించాలని అన్న మాట అది. నాకు ఊరట కలగలేదు.

ఈసీఈ సీటు తీసుకున్నారు. నేను పెట్టిన షరతు ఒకటే: ప్రతి సెమిస్టరు రిజల్ట్ నాకు పంపాలి, వరసగా రెండు సెమిస్టర్లలో మూడేసి సబ్జెక్టులు తప్పితే అందరం కూర్చుని కొనసాగించాలా వద్దా అని మాట్లాడుకోవాలి. ఆ మాటకు అమ్మాయి వెంటనే తలూపింది.

నాలుగేళ్లు

మొదటి ఏడు చాలావరకు ఫోన్లోనే గడిచింది. సిగ్నలు కోసం డాబా ఎక్కేది. మ్యాథ్స్ ఒకటి తప్పింది, సప్లిమెంటరీలో కట్టింది. 2022 జులైలో గోదావరికి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, 2006 తరవాత అంత నీరు చూడలేదని పెద్దవాళ్లన్నారు. పుస్తకాలు అటక మీద పెట్టి, వారం పైగా మేనత్త ఇంట్లో ఉన్నారు. ఆ సెమిస్టర్లో అన్నీ పాసైంది. మిగతా రెండేళ్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్ల చదివింది.

దెబ్బ చివర్లో తగిలింది. 2024లో కోర్సు అయ్యేనాటికి రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడి ఉన్నాయి. ఆ కాలేజీ, ఆ మొత్తం కడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వనంది. క్యాంపస్‌లో వచ్చిన ఆఫరు కూడా అప్పటికి కదల్లేదు. ఆ ఏడు ఐటీ కంపెనీలు కొత్తవాళ్లను పిలవడం బాగా తగ్గించాయి. ఆఫర్ లెటరు ఉన్నా జాయినింగ్ డేటు రాలేదు. వేరే ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్ కావాలి, అది కాలేజీ బీరువాలో ఉంది. తండ్రి నాలుగుసార్లు తిరిగారు. చివరికి తల్లి గాజులు కుదువపెట్టి 38,000 కట్టి తెచ్చుకున్నారు. ప్రభుత్వం బాకీ పడితే పిల్ల కాగితాలు ఎందుకు ఆపాలి? ఈ ప్రశ్న నేను ఆ కౌంటరు దగ్గర నిలబడి అడిగాను. జవాబు రాలేదు. నా లెక్కలో ఈ ఖర్చు లేదు. అప్పటి నుంచి కన్వీనర్ సీటు తీసుకునే ప్రతి కుటుంబం చేతా ఒక ఏడాది ఫీజంత డబ్బు విడిగా పోస్టాఫీసులో వేయిస్తున్నాను.

ఎనిమిది నెలలు ఇంట్లో ఉంది. రాజోలులో ట్యూషన్లు చెప్పింది. ఊళ్లో "ఇంజినీరింగ్ చదివి ట్యూషన్లా" అన్నవాళ్లున్నారు. 2025 మార్చిలో హైదరాబాదులో ఎలక్ట్రానిక్ బోర్డులు పరీక్షించే చిన్న కంపెనీలో చేరింది. చేతికి 20,500. హాస్టలుకు 7,500, తిరగడానికీ తిండికీ ఇంకో ఐదు వేలు. నెలకు ఏడెనిమిది వేలు ఇంటికి పంపుతుంది. బస్టాపు దగ్గర మేం రాసుకున్న నడిమి పిల్ల జీతం దాదాపు ఇదే.

అన్న కథ ఇంకోలా తిరిగింది. పట్టా లేకపోయినా చెరువుల మీద పనిలో చేరాడు. నీటి ఉప్పదనం, అమ్మోనియా కొలవడం, వనామీ రొయ్య పిల్లను చూసి జబ్బును పసిగట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఒక ఆక్వా ల్యాబులో నెలకు 24,000 వస్తోంది. చెల్లెలు ఉద్యోగంలో చేరాక ఇద్దరూ కలిసి అతని పాత లోను గడువుకు ముందే తీర్చేశారు. "చూశారా, చదువు లేకపోయినా బాగుపడ్డాడు" అని తండ్రి ఒకసారి అన్నారు. నేను ఒప్పుకోలేదు. అతను మొదట అడిగిన చదువు చదివి ఉంటే ఆ పనిలోకే ఆరేళ్లు ముందు, అప్పు లేకుండా వచ్చేవాడు. పైగా ల్యాబులో రిపోర్టు మీద సంతకం పెట్టే హోదా డిగ్రీ ఉన్నవాళ్లది. పరీక్ష అతను చేస్తాడు, సంతకం ఇంకొకరు పెడతారు.

ఇది చదివి, లోనే తీసుకోకూడదేమో అనుకోవద్దు. తాడేపల్లిగూడెం నిట్‌లో సీటు వచ్చిన కుర్రాడి చేత ధైర్యంగా లోను పెట్టించాను. అక్కడ నడిమి పిల్లాడి జీతమే కిస్తీని మోస్తుంది. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ర్యాంకింగుల్లో ముందున్న సంస్థల్లో చదివేవాళ్లకు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే, పది లక్షల లోను దాకా మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. పదో తరగతి మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీకి వెళ్లే దారి ఉందని మా లంక గ్రామాల్లో ఇప్పటికీ తెలియని ఇళ్లున్నాయి. ముందు అవి చూడాలి. బ్రోచరు మాట ఆ తరవాత.

తల్లి అకామా (కువైట్‌లో ఉండేందుకు ఇచ్చే పర్మిట్) ఇక పొడిగించుకోలేదు. ఈ సంక్రాంతికి ముందే వచ్చేశారు. పండగ వెళ్లాక నలుగురూ కలిసి మా ఇంటికి వచ్చారు, పూతరేకులు పట్టుకుని. ఆవిడను నేను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఫోన్లో కనిపించిన దానికన్నా చిన్నగా ఉన్నారు. వేళ్ల చివర్లు సబ్బునీళ్లకు పగిలి ఉన్నాయి. ఆ పేజీ చూపించమన్నారు. తీసి ఇచ్చాను. అంకె అంకె మీదా వేలు పెట్టి చదివారు: బస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, పోయిన షోరూము జీతం, తరవాత రాసిన గాజుల కుదువ.

"అన్నయ్యగారూ, నేనక్కడున్న పదకొండేళ్లు ఇందులో ఎక్కడున్నాయండీ?" అన్నారు.

నిష్ఠూరంగా అనలేదు. ఎక్కడో ఉంటుంది, తనకు కనబడలేదేమో అన్నట్టు అడిగారు. నేను రాయలేదు. అమ్మాయి తల్లి చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, ఖర్చుల పేజీలో పైన వదిలేసిన ఖాళీలో "అమ్మ, 2014 నుంచి 2025" అని రాసింది. ఎదురుగా అంకె వేయాల్సిన చోట ఏమీ వేయకుండా నాకు తిరిగి ఇచ్చింది.